కొత్త పాడి కుటుంబం - ఫాల్గుణ, చైత్ర మాసాల పాఠం

ఈ పాఠాన్ని కార్యదర్శిగారు నెలవారీ సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. పాడి పశువులతో పుట్టి పెరిగిన వారికి ఇందులో కొన్ని సంగతులు తెలిసినవే అనిపించవచ్చు. అయినా ఓపికగా వినవలసిందని మనవి. తెలిసిన వారు తెలియని వారికి చెప్పకపోవడం వల్ల వచ్చిన నష్టం గురించే ఈ పాఠంలో ఎక్కువ భాగం. ఆ చెప్పని వారిలో మేము కూడా ఒకరము.

నాగార్జునసాగర్ కుడికాలువ చివరి ఊళ్ళలో ఒక ఊరు. పై ఊళ్ళు తడిసిన తర్వాత గాని అక్కడికి నీరు రాదు. ఆ ఊరి సంఘంలో చేరిన ఒక కుటుంబాన్ని గురించి చెబుతున్నాము. పేర్లు అనవసరం. భార్యాభర్తలు, ఆయన తల్లి, పదకొండేళ్ళ పిల్లవాడు, ఏడేళ్ళ ఆడపిల్ల. భార్యాభర్తలు పద్నాలుగేళ్ళు హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు కాపలా ఉండి, పెద్దావిడకు కళ్ళు మందగించడంతో ఊరికి తిరిగి వచ్చారు. రెండెకరాల భూమి ఉంది. ఒక ఎకరం కాలువ కింద మాగాణి, రెండోది మెట్ట. మెట్టలో చిన్న బోరు, అరెకరానికి సరిపడే నీరు. 2024 సంక్రాంతికి అప్పు మీద రెండు ముర్రా జాతి గేదెలు కొన్నారు. సభ్యత్వం ఆమె పేరనే తీసుకున్నారు. ఇది మంచి పని. పాలు పితికేదీ, కేంద్రానికి మోసేదీ ఆడవారు, పాస్‌బుక్కు మాత్రం మగవారి పేరున ఉండడం మన సంఘాల్లో ఇప్పటికీ చాలాచోట్ల చూస్తున్నాము.

వారికి ముందు వచ్చిన ఇబ్బంది వెన్న శాతం గురించి. 2025 ఫిబ్రవరిలో, అంటే మాఘమాసంలో, ఆమె కేంద్రం దగ్గర కార్యదర్శితో గట్టిగా మాట్లాడిందని మాకు కబురు వచ్చింది. సంక్రాంతికి ఏడు దాకా వచ్చిన వెన్న అయిదున్నరకు పడిపోయింది. "మా పాలల్లో చుక్క నీళ్ళు కలపలేదు సార్. గేదె అదే, మేత అదే, చెయ్యి అదే. మిషనే మారింది" అన్నది. కార్యదర్శి పాత మనిషి. ఆయనకు కోపం వచ్చింది. ఇటువంటి తగాదాలలో మేము రెండు పనులు చేస్తాము. ముందుగా సభ్యురాలి ఎదుటనే పాలను కలియబెట్టి, నమూనా తీసి, మిషనులోనూ పాత గెర్బర్ పద్ధతిలోనూ పరీక్ష చేయిస్తాము. పది మిల్లీలీటర్ల ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు. బుడ్డి తిప్పిన తర్వాత మెడలో నిలిచిన పసుపుపచ్చ వెన్నను ఎవరైనా కళ్ళతో చూడవచ్చు. మిషను తెరమీద అంకె నమ్మనివారు కూడా బుడ్డిలో వెన్నను నమ్ముతారు. రెండూ ఒకటే చెప్పాయి. కాబట్టి మిషను తప్పు కాదు.

రెండో పని, పితికే వేళకు ఇంటికి వెళ్ళి కూర్చోవడం. మరునాడు తెల్లవారి నాలుగున్నరకు వెళ్ళాము. ఆమె దూడను కొద్దిగా విడిచి గేదె చేపగానే కట్టేసి, నాలుగు చన్నులూ మూడువంతుల దాకా పితికి, "ఇక నీదేనమ్మా" అని మిగిలిన పాలకు దూడను వదిలింది. దూడమీద ప్రేమతో చేసిన పనే. వెన్న పోయినదీ అక్కడే. పొదుగులో మొదటి ధారల్లో వెన్న చాలా తక్కువ. చివరి ధారల్లో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ చివరి పాలన్నీ దూడ తాగుతున్నది, పలుచటి పాలు కేంద్రానికి వస్తున్నాయి. సంక్రాంతి దాకా పెద్దావిడ పితికేది, చివరిదాకా పిండేది. ఆమెకు చూపు తగ్గి కోడలు కూర్చున్నప్పటి నుంచి వెన్న తగ్గింది. దూడ వాటాను మొదటే ఇచ్చి, లేదా ఒక చన్ను పూర్తిగా దానికి వదిలి, మిగిలిన చన్నులు చివరి చుక్కదాకా పితకమని చెప్పాము. నాలుగు రోజుల్లో ఆరున్నర దాటింది. ఆమె కార్యదర్శి దగ్గరకు వెళ్ళి, "అన్నా, ఆ రోజు నోరు జారాను" అన్నదట. తన పాల పరీక్షను తన ఎదుట చేయించుకునే హక్కు ప్రతి సభ్యునికీ ఉన్నది. ఈ హక్కును కార్యదర్శులు విసుక్కోకుండా ఇవ్వాలి. అడిగే వారు కూడా అరవకుండా అడగవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తున్నాము.

మెట్ట ఎకరంలో అరెకరం వారు జొన్న చల్లారు. జనవరి నెలాఖరుకు కోసి చొప్ప కట్టలు కట్టుకున్నారు. కొయ్యకాళ్ళు దున్నలేదు. ట్రాక్టరుకు డబ్బు అవుతుంది గదా, తర్వాత చూద్దామనుకున్నారు. ఫిబ్రవరి చివర కాలువ ఆఖరు వంతు వచ్చినప్పుడు పక్కచేను తడి ఊరి ఆ జొన్న కొయ్యకాళ్ళకు తగిలింది. మార్చి రెండో వారానికి మోకాటి ఎత్తున ముదురాకుపచ్చ పిలకలు లేచాయి. చుట్టూ ఎండిన నేల, మధ్యలో అరెకరం పచ్చగా. తర్వాత తడి లేక ఆ పిలకలు మధ్యాహ్నానికి వాలిపోతుండేవి.

అదే నెల మొదట్లో సంఘ సమావేశంలో మేము మాట్లాడాము. వేసంగి మేత గురించి చెబుతూ, "పచ్చిమేత ఒక్క పరక కూడా వృథా చేయకండి, గట్ల మీద గడ్డి, కొయ్యకాళ్ళ పిలకలు, అవిశాకు, ఏది దొరికితే అది పశువు నోటికి అందించండి" అని అన్నాము. వరి కొయ్యకాళ్ళు మా మనసులో ఉన్నాయి. జొన్న సంగతి చెప్పలేదు. ఆ సభలో కూర్చున్న యాభైమందికీ జొన్న నాము గురించి తెలుసునని మా నమ్మకం. యాభైమందిలో నలభైతొమ్మిదిమందికి తెలుసు. తెలియని ఒక్కరూ ముందు వరుసలో కూర్చుని నోటుపుస్తకంలో రాసుకున్నారు.

మిరపకోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. ఆ ఏడు మిర్చి ధర పడిపోయి రైతులు దిగులుగా ఉన్నా కోత కోయక తప్పదు, కూలికి పిలుపులు వస్తున్నాయి. భార్యాభర్తలిద్దరూ కోతకు వెళ్ళేవారు. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పిల్లవాడు మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి, అన్నం తిని, గేదెలను తోలుకుని పోయేవాడు. ఒంటిపూట బడులు మొదలైన వారంలోనే ఒక రోజు, అమ్మ పుస్తకంలో రాసుకున్న మాట గుర్తుంది కాబట్టి, వాడు తమ చేలోకే తోలాడు. ఇతరుల చేలో మేపితే తగాదా, తమ చేలో మేపితే ఎవరేమంటారు? చూడి గేదె నెమ్మది. దానిని గట్టుమీద వేపచెట్టుకు కట్టాడు. పాలగేదెను పలుపు వదిలేశాడు. అది ఆకలి మీద ఉన్నది, పచ్చిక చూసి నెల అయింది. గబగబా మేసింది.

పావుగంట, ఇరవై నిమిషాలు అయి ఉంటుంది. గేదె తల ఎత్తి నోరు తెరిచి ఎగశ్వాస తీయడం మొదలుపెట్టింది. నోటి వెంట నురగ. కాళ్ళు తడబడి ఒక పక్కకు పడి కొట్టుకున్నది. వాడు ఏడుస్తూ మిరపచేల వైపు పరుగెత్తాడు. అటు పోతున్న ఒక పెద్దమనిషి చూసి, "ఒరే, నాము తగిలిందిరా!" అని కేక వేశాడు. ఎవరో మజ్జిగ తెచ్చారు, ఎవరో బెల్లంనీళ్ళు తెచ్చి గొట్టంతో నోట్లో పోయబోయారు. 1962కు ఫోను చేశారు. పశువైద్యుని బండి వచ్చేలోగా, ఎవరి లెక్క ప్రకారం చూసినా పడిన ముప్పావుగంటలోపే, గేదె చనిపోయింది.

సాయంత్రం మేము వెళ్ళేసరికి వేపపూత రాలి ఆ గేదె మీద పడి ఉన్నది. పిల్లవాడు నాయనమ్మ వెనక నక్కి ఉన్నాడు. వాడి తండ్రి వాడిని ఒక్క మాట అనలేదు. మమ్మల్ని చూసి మాత్రం, "మీరు చెప్పారనే గదండీ" అన్నాడు. అంతకుమించి అనలేదు. అవును, మేము చెప్పాము. మేము ఆ మాట ఒప్పుకుని, మరునాడు సంఘంలో అందరి ఎదుటా కూడా ఒప్పుకున్నాము.

కాబట్టి ఇప్పుడైనా పూర్తిగా చెప్పుకుందాము. జొన్న మొక్క లేతగా ఉన్నప్పుడు దానిలో ఒక పదార్థం ఉంటుంది. పశువు నమిలి మింగగానే అది విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లమనే విషం పుడుతుంది. మనవాళ్ళు నాము అన్నది దీనినే. ఈ విషం రక్తంలో కలిసిన తర్వాత, రక్తంలో ప్రాణవాయువు ఉన్నా శరీరం దానిని వాడుకోలేదు. అందుకే చనిపోయిన పశువు రక్తం మామూలుకన్నా ఎర్రగా మెరుస్తూ కనబడుతుంది. పూతకు రాని లేతజొన్న, అందులోనూ 45-50 రోజులలోపు పైరు ప్రమాదం. నీరు లేక గిడసబారిన పైరు, ఎండలో వాలి మళ్ళీ తేరుకున్న పైరు ఇంకా ప్రమాదం. కోసిన కొయ్యకాళ్ళ నుంచి లేచే పిలకలు అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే అవి ఎప్పుడూ లేతవే. ఆకలిగా ఉన్న పశువు గబగబా మేస్తే విషం ఒక్కసారిగా ఎక్కుతుంది. పూత దాటిన జొన్నలో ప్రమాదం బాగా తగ్గుతుంది. బాగా ఎండబెట్టిన చొప్పలో కూడా తగ్గుతుంది. అందుకే ఆ ఇంట్లో చొప్ప మేసిన అదే గేదెకు అప్పటిదాకా ఏమీ కాలేదు.

నాము తగిలితే ఏం చేయాలి? ముందుగా మిగిలిన పశువులను ఆ చేలోనుంచి తోలేయాలి. వెంటనే పశువైద్యునికి ఫోను చేసి "జొన్న నాము" అని స్పష్టంగా చెప్పాలి. సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు అనే మందులను ఆయన రక్తనాళంలోకి ఎక్కిస్తారు. పశువుకు ఇంకా ఊపిరి ఆడుతుండగా ఈ మందు అందితే చాలాసార్లు లేచి నిలబడుతుంది. మనం ఏమి చెప్పి పిలిచామన్నదాని మీద ఆయన ఏ మందు చేతపట్టుకుని వస్తారన్నది ఆధారపడి ఉంటుంది. పడి కొట్టుకునే పశువు నోట్లో మజ్జిగగాని, బెల్లంనీళ్ళుగాని పోయకండి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే విషం చేయవలసిన పని మనం చేసినట్లవుతుంది. ఆ రోజు పోయబోయిన వారిది మంచి మనసే. వారిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు.

జొన్న కోసిన చేనును వెంటనే దున్నించడం అన్నిటికన్నా మేలు. దున్నలేకపోతే ఆ చేనుకు అడ్డంగా ఒక తాడు కట్టి పిల్లలకు చూపించండి. ట్రాక్టరు బాడుగ ఎంతయినా గేదె ఖరీదులో అది ఏ మూలకు?

తర్వాత ఇన్సూరెన్సు సంగతి. పెద్దవాళ్ళు ఊరడిస్తూ, "చెవికి బిళ్ళ ఉంది గదా, కంపెనీవారు ఇస్తారులే" అన్నారు. చెవికి బిళ్ళ ఉన్నది. కాగితం తీసి చూస్తే గడువు జనవరిలోనే తీరిపోయింది. ఒక ఏడాదికే ప్రీమియం కట్టారు. అప్పు తీరేదాకా ఇన్సూరెన్సు కూడా ఉంటుందని వారు అనుకున్నారు. అప్పుకు మూడేళ్ళ గడువు, ఇన్సూరెన్సుకు ఏడాది గడువు. రెండు కాగితాలూ ఒకే సంచిలో ఉన్నాయి. వారికి గుర్తు చేయవలసిన వారు ఎవరూ గుర్తు చేయలేదు. ఈ పాఠం వింటున్న ప్రతి సభ్యులూ ఇంటికి వెళ్ళి ముందు ఆ కాగితం మీద తేదీ చూడండి. ఆ తేదీని పాస్‌బుక్కు మొదటి పేజీలో రాయించండి. బిళ్ళ ఊడిపోతే ఆ వారంలోనే తెలియజేసి కొత్తది వేయించండి. బిళ్ళ లేని పశువుకు పరిహారం రాబట్టడం మా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని.

పరిహారం లేదు, అప్పు ఉన్నది. ఉగాది మార్చి 30న వచ్చింది. ఆ ఇంట్లో పచ్చడి చేశారు గాని పండుగ చేయలేదు. ఉగాది సాయంత్రం మేము వెళ్ళినప్పుడు భార్యాభర్తలు తిరిగి హైదరాబాదు పోవడం గురించి మాట్లాడుకుంటున్నారు. ఉన్న చూడి గేదెను అమ్మేస్తే కొంత బాకీ తీరుతుంది, పిల్లలను తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఆమె ఒప్పుకోలేదు. "చూడి గేదెను ఈనబోయే ముందు అమ్ముకుంటే ఏడాదిపాటు మేపింది ఎవరికోసం?" అన్నది. ఆయన ఒక్కడే నాలుగు నెలలు పాత కాపలా పనికి వెళ్ళి, చనిపోయిన గేదె తాలూకు కిస్తీ జీతంలోనుంచి కట్టేటట్లు, ఆమె, అత్తగారు ఇక్కడ చూసుకునేటట్లు తీర్మానించుకున్నారు. దీనిని ఆదర్శమని మేము రాయడం లేదు. ఒక మనిషి ఊరు విడిచి వెళ్ళడం ఆదర్శం ఎలా అవుతుంది? అరెకరం కొయ్యకాళ్ళు దున్నించి, బోరు కింద నేపియర్ కాండపుముక్కలు నాటిన తర్వాతే ఆయన బస్సు ఎక్కాడు.

ఇక చూడి గేదె. ముందు ఏడు జూన్ 5న సూది వేయించిన చీటీ ఆమె దాచి ఉంచింది. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు, ఆవుకైతే 280. లెక్కవేస్తే ఏప్రిల్ 11 వచ్చింది. ఈనడానికి రెండు నెలల ముందే పాలు పితకడం మాన్పించాలి, అప్పటికే మాన్పించారు. కడుపులో దూడ ఎక్కువగా పెరిగేది ఆఖరి రెండు మూడు నెలల్లోనే. కాబట్టి పాలు ఇవ్వడం లేదని దాణా ఆపకూడదు. వట్టిపోయిన గేదెకు దాణా ఎందుకని మన ఊళ్ళలో అనుకుంటారు. ఆ కాలంలో మిగిల్చిన తవుడు తర్వాత పాలలో పోతుంది.

వేడి గురించి కూడా ఒక మాట. గేదె చర్మం నలుపు, చెమట గ్రంథులు తక్కువ. మార్చి ఎండనే అది ఆవుకన్నా ఎక్కువగా బాధపడుతుంది. ఆ ఊరి చెరువు అప్పటికే అడుగంటింది. ఆమె పాకకు పడమటి వైపు తాటాకుల దడి కట్టి, గోనెసంచులు వేలాడదీసి తడుపుతూ, పగలు రెండుసార్లు కడవలతో నీళ్ళు పోసేది. తాగడానికి నీడలో తొట్టి. పెద్ద ఖర్చులేమీ లేవు.

ఏప్రిల్ 13 తెల్లవారుజామున గేదె ఈనింది. దున్నదూడ. ముందు రోజే ఫోను చేస్తే మేము దగ్గరి ఊళ్ళోనే ఉండి తెల్లవారేసరికి వెళ్ళాము. వెళ్ళేసరికి అత్తాకోడళ్ళ మధ్య పేచీ జరుగుతున్నది. మాయ పడేదాకా దూడకు జున్నుపాలు తాగించకూడదని పెద్దావిడ. ఆమె కాలం నుంచి, ఆమె అత్తగారి కాలం నుంచి ఉన్న మాట. దూడ లేవలేక తడబడుతూ పొదుగును వెతుకుతున్నది. కోడలు ఏమనలేక మా వైపు చూసింది.

మేము పెద్దావిడ పక్కన కూర్చుని, "పెద్దమ్మగారూ, మాయ పడటానికి ఎనిమిది, పన్నెండు గంటలు కూడా పడుతుంది. అప్పటిదాకా మీ మనవడిని పస్తు ఉంచుతారా?" అని అడిగాము. ఆమె నవ్వలేదు. "తాగితే మాయ పడదంటారు బాబూ" అన్నది. నిజానికి దూడ చీకినప్పుడే గర్భసంచి ముడుచుకుని మాయ పడటానికి సాయం అవుతుంది. అదే చెప్పాము. దూడ పుట్టేటప్పటికి దాని రక్తంలో రోగాలను ఆపే శక్తి దాదాపు ఏమీ ఉండదు. ఆ శక్తి జున్నుపాలలోనే ఉంటుంది. దూడ పేగు ఆ శక్తిని పీల్చుకునేది మొదటి కొద్ది గంటలే. గంటగంటకూ తగ్గిపోయి, ఒక రోజు దాటితే ఎంత జున్ను తాగించినా అది ఆహారమే గాని రక్షణ కాదు. అందుకని పుట్టిన గంట రెండు గంటల లోపలే మొదటిసారి తాగించాలి. రోజుకు దూడ బరువులో పదోవంతు, అంటే ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు, రెండు మూడుసార్లుగా.

పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "నాకు ఇద్దరు మగపిల్లలు పోయినప్పుడు కూడా మూడోరోజు దాకా పాలు పట్టనివ్వలేదు" అన్నది. పశువుల పాకలో ఆ మాట విని మేము ఏమీ చెప్పలేకపోయాము. ఆమే లేచి, తడుముకుంటూ వెళ్ళి, దూడ మూతిని చన్నుకు అందించింది. ఎండ బాగా ఎక్కేసరికి మాయ పడింది. దానిని లోతుగా పాతిపెట్టించాము. కుక్కలకు, గేదె నోటికి అందనివ్వకూడదు. పన్నెండు గంటలు దాటినా పడకపోతే బరువులు కట్టి లాగకండి, వైద్యుని పిలవండి.

బొడ్డును రెండంగుళాలు ఉంచి శుభ్రమైన దారంతో కట్టి, కింద కోసి, టింక్చర్ అయోడిన్ అద్దాము. పది రోజులకు ఏలికపాముల మందు తాగించమని వైద్యుడు చెప్పారు. గేదె దూడలకు ఈ పురుగులు తల్లి పాలలోనుంచే వస్తాయి. మట్టిరంగు పారుడు, కడుపు ఉబ్బు, నెల తిరగకుండా చావు. మన పల్లెల్లో "దిష్టి తగిలి" పోయిన దూడల్లో చాలామటుకు ఏలికపాములతో పోయినవే. దున్నదూడే గదా అని వదిలేయవద్దని ఆమెకు గట్టిగా చెప్పాము. దూడ పోతే చేపని గేదెలు ఎన్నో ఉన్నాయి. అప్పుడు సూదిమందు పొడిచి పాలు పిండేవారిని కూడా మేము చూశాము, చూసి పరీక్ష కేంద్రం దగ్గర నిలదీశాము కూడా. అది వేరే పాఠం.

జున్నును ఆమె వీధిలో పంచుతుంటే మేము అడ్డుచెప్పలేదు. దూడ వాటా తీసిన తర్వాత మిగిలినదే పంచింది.

మే నెల మొదట్లో మేము లెక్కలు చూడటానికి వెళ్ళాము. పిల్లవాడి పాత నోటుపుస్తకంలో ఆమె లెక్క రాస్తున్నది. రూపాయల్లో కాదు, లీటర్లలో రాస్తున్నది. "రేటు మారినప్పుడల్లా లెక్క తప్పుతోంది సార్, లీటర్లయితే తప్పదు" అన్నది. ముప్పై ఏళ్ళుగా సంఘాల ఖాతాలు తనిఖీ చేస్తున్న మాకు ఇది తట్టలేదు. ఆ లెక్క ఇక్కడ ఇస్తున్నాము. దూడ తాగగా రోజుకు పితికేది ఏడు లీటర్లు. ఇంటికి అర లీటరు. కేంద్రానికి ఆరున్నర. అందులో దాణాకు రెండున్నర లీటర్లు పోతాయి. వరిగడ్డి కొనడానికి ఒక లీటరు. ఈ గేదె కిస్తీకి లీటరున్నర. లవణమిశ్రమం, మందులు, ఇన్సూరెన్సు కలిపి అర లీటరు. మిగిలేది ఒక లీటరు. "ఆ ఒక్క లీటరే మా ఇద్దరి కూలి" అన్నది, ఇద్దరంటే తనూ అత్తగారూ.

ఈ లెక్కలో తగ్గించగలిగినవి ఏమిటో చూడండి. కిస్తీ తగ్గదు. దాణాను చేతికి వచ్చినట్లు తగ్గిస్తే పాలే తగ్గుతాయి. గేదె శరీరానికి కిలో, కిలోన్నర, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో అన్న లెక్క చాలాకాలంగా ఉన్నదే. దూడ తాగేది కూడా పాలే కాబట్టి కలుపుకోవాలి. ఆమె ఆరు కిలోలు పెడుతున్నది, సరిపోయింది. పచ్చిమేత పెరిగితే దాణా కొంత తగ్గించవచ్చు, కొనే గడ్డి తగ్గుతుంది. అందుకే ఆ నేపియర్. నాటిన 70-75 రోజులకు మొదటి కోత, ఆ తర్వాత నలభై, నలభైఅయిదు రోజులకు ఒకటి. ఆమె నాటినది మార్చి ఆఖరు కాబట్టి జూన్ రెండోవారం దాకా ఆగాలి. ఈలోగా వరిగడ్డినే బాగుచేసుకోమని చెప్పి, ఆ రోజు మధ్యాహ్నం మేమే చేసి చూపించాము. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, సుమారు యాభై, అరవై లీటర్ల నీటిలో కరిగించి, పొరపొరకూ చల్లి తొక్కుతూ, పైన పాలిథీన్ పట్టా గాలి పోకుండా కప్పి, మూడు వారాలు ఉంచాలి. తీసిన గడ్డిని గంటసేపు ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా కలిపిన నీటిని ఏ పశువూ మూతి పెట్టకుండా చూడాలి, అది కూడా విషమే. ఈ చివరి మాట మేము రెండుసార్లు చెప్పాము. నాము తర్వాత మాకు ఇది అలవాటయింది. ఎవరికి తెలుసో ఎవరికి తెలియదో అని ఆలోచించకుండా మొత్తం చెప్పడం.

పిల్లవాడు ఆ పనంతా దూరంగా నిలబడి చూశాడు. మే ఎండల్లో మెట్టచేను వైపు పోవడం లేదని తల్లి చెప్పింది. మేము వాడిని పిలిచి, చనిపోయిన గేదె తాలూకు పెయ్యదూడ వయసు లెక్కగట్టమన్నాము. నవంబరు 16న పుట్టింది. వేళ్ళమీద లెక్కపెట్టి అయిదున్నర నెలలన్నాడు. ఆడదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రూసెల్లోసిస్ టీకా ఒకసారి వేయిస్తే ఈడ్చుకుపోయే ఆ జబ్బు రాకుండా ఉంటుంది. దాటితే మళ్ళీ వేయరు. ఏ తేదీకి ఎనిమిది నెలలు నిండుతాయో కూడా వాడినే చెప్పమన్నాము. జూలై 16 అన్నాడు. "అంతదాకా ఆగొద్దు, ఈ నెలలోనే వేయించాలి" అని చెప్పి, పశువైద్యుడు ఆ ఊరికి వచ్చే రోజు వాడి చేతే పాస్‌బుక్కు మొదటి పేజీలో, ఇన్సూరెన్సు తేదీ కింద రాయించాము.

టీకా 21న వేశారు. నేపియర్ మొదటి కోత జూన్ 12న కోశారు. ముక్కలు కావలసిన సభ్యులు ఆ ఊరి సంఘం కార్యదర్శిని అడిగితే ఇస్తామని ఆమె చెప్పింది.